తాతయ్య చెప్పిన ఇంగ్లీషు సినిమా

వైజాగ్‌లో సిటీ బస్సెక్కి ‘జగదాంబ’ అంటే చాలు, కండక్టర్ ఇంకేం అడగడు. కొత్తవాళ్లు అక్కడ పెద్ద గుడేదో ఉందనుకుంటారు. ఆ జంక్షన్‌కి పేరొచ్చింది గుడి వల్ల కాదు, సినిమా హాలు వల్ల. 1970ల నుంచీ ఉన్న ఆ 70 ఎంఎం థియేటర్ పేరే సెంటరు మొత్తానికీ అతుక్కుపోయింది. చుట్టూ బంగారం కొట్లు, బట్టల షాపులు. కాస్త కిందికి దిగితే కేజీహెచ్, ఇంకాస్త దిగితే బీచ్ రోడ్డు.

మా తాతయ్య హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో వెల్డరు. 1948లో నెహ్రూ వచ్చి ‘జలఉష’ ఓడని నీళ్లలోకి దింపింది అక్కడే. జీతాలొచ్చాక మొదటి ఆదివారం నాన్ననీ అత్తనీ సింధియాలో బస్సెక్కించి జగదాంబకి తీసుకొచ్చేవాడట. ఇంగ్లీషు సినిమాలకి ఆ హాలు పెట్టింది పేరు. తాతయ్యకేమో ఇంగ్లీషు ముక్క రాదు. అయినా తగ్గేవాడు కాదు. తెరమీద ఎవరైనా నోరు తెరిస్తే చాలు, పక్కకి వంగి నాన్న చెవిలో తెలుగులో చెప్పేసేవాడు. ముందు వరసలోవాళ్లు వెనక్కి తిరిగి కసురుకుంటే రెండు నిమిషాలు ఊరుకుని, మళ్లీ మొదలుపెట్టేవాడు.

‘మెకన్నాస్ గోల్డ్’ కూడా అలాగే చూశారు. తాతయ్య చెప్పిన ప్రకారం, మొదట్లో చనిపోయే ముసలాయన హీరోకి సొంత తాత. పోతూ పోతూ బంగారం ఉన్న చోటి పటాన్ని మనవడి చేతిలో పెడతాడు. ముసలాడి మాటకేంలే అని మనవడు దాన్ని కాల్చేస్తాడు. ఆ తర్వాత సినిమా అంతా ఆ తప్పుకి వాడు పడే తిప్పలే. చిన్నప్పుడు నన్ను నిద్రపుచ్చడానికి నాన్న ఈ కథే చెప్పేవాడు.

ఇంజినీరింగ్ అయిపోయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక, ఓ రాత్రి సబ్‌టైటిల్స్ పెట్టుకుని లాప్‌టాప్‌లో ఆ సినిమా చూశాను. ఆ ముసలాయన హీరోకి ఏమీ కాడు! పైగా చాటు నుంచి హీరో మీదే తుపాకీ పేల్చి, ఎదురుదెబ్బ తగిలి పోతాడు. పటం కాల్చడం మాత్రం నిజమే. నవ్వాపుకోలేక వెంటనే ఫోన్ చేశాను. ‘‘నాన్నా, తాతయ్య మనల్ని భలే బురిడీ కొట్టించాడు!’’

నాన్న నవ్వలేదు. ‘‘నువ్వు సరిగ్గానే చూసుంటావులే’’ అని పెట్టేశాడు. తాతయ్య పోయి అప్పటికి మూడు నెలలే. ఆ సంగతి నాకు ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్నని జగదాంబకి తీసుకెళ్లాను. రానన్నాడు. టికెట్లు తీసేశానని చెబితే బయల్దేరాడు. లోపలికెళ్లాక సీట్లకేసి కాసేపు చూసి, ‘‘మేం అక్కడ కూర్చునేవాళ్లం’’ అన్నాడు. ఆడుతున్నది తెలుగు సినిమానే. కానీ పండగ జనం, ఈలలు, గోల. దానికితోడు ఈమధ్య నాన్నకి ఓ చెవి సరిగ్గా వినపడదు.

‘‘ఏమన్నాడ్రా?’’ అని అడిగాడు.

పక్కకి వంగి చెప్పాను. ఆ గోలలో నాకూ సగమే వినపడింది. మిగతా సగం నేనే కల్పించేశాను. కాసేపటికి మళ్లీ అడిగాడు, మళ్లీ చెప్పాను. ముందు సీట్లోంచి ఓ కుర్రాడు వెనక్కి తిరిగి గుర్రుగా చూశాడు.

నాన్న నా మోచేతిమీద తట్టి, ‘‘రెండు నిమిషాలాగి చెప్పు’’ అన్నాడు.