కొండమీద తూము

సియాటిల్,
ఆగస్టు

ఒరేయ్ రాజూ,

మొన్న ఒక్కణ్ణే స్నో లేక్స్‌కి వెళ్లొచ్చాను. నువ్వుంటే కాళ్లనొప్పులని గోల పెట్టేవాడివి గానీ, అక్కడ నువ్వు చూడాల్సిందొకటి ఉంది.

కాస్కేడ్ కొండల్లో లెవెన్‌వర్త్ అనే ఊరి దగ్గర మొదలవుతుంది ఈ దారి. ఎన్‌చాంట్‌మెంట్స్ అనే సరస్సుల వరసకి ఇది దిగువ గుమ్మం. వేసవిలో అక్కడ రాత్రి ఉండాలంటే సాధారణంగా లాటరీలో పేరు రావాలి. సాయంత్రానికి దిగిపోయేవాడు దారి మొదట్లో చీటీ రాసుకుంటే చాలు. పోనూ రానూ సుమారు 13 మైళ్లు, 4 వేల అడుగుల ఎక్కుడు. ఎక్కువమంది కోల్‌చక్ సరస్సు వైపు నుంచి ఎక్కుతారు. ఇటు, మాడిన మానుల మధ్య మెలికలు తిరిగే ఎండదారిలో, చాలాసేపు నా అడుగుల చప్పుడే నాకు తోడు.

దారిలో నాడా సరస్సు దగ్గరికి రాగానే పై నుంచి హోరు వినిపించింది. జలపాతమనుకున్నాను. జలపాతం అంచుమీంచి జారాలి కదా. ఇది కొండరాళ్లలోంచి ఫైరింజను గొట్టంలా చిమ్ముతోంది. పైనున్న అప్పర్ స్నో లేక్ అడుగునుంచి సొరంగం తొలిచి వాల్వు బిగించారట. అంటే తూమే!

కొలంబియా నది మీద గ్రాండ్ కూలీ డ్యామ్ కట్టినప్పుడు సాల్మన్ చేపలకి ఎగువదారి మూసుకుపోయింది. ఆ నష్టానికి బదులుగా లెవెన్‌వర్త్‌లో చేపపిల్లల్ని పెంచే కేంద్రం పెట్టారు. దానికి నీళ్లిచ్చే ఐసికిల్ వాగు వేసవిలో సన్నబడి వేడెక్కితే చినూక్ సాల్మన్ పిల్లలు తట్టుకోలేవు. అప్పుడు పైనుంచి ఈ చల్లనీళ్లు వదుల్తారు. 1976లో చట్టం చేసి ఈ ప్రాంతాన్ని ఆల్పైన్ లేక్స్ వైల్డర్‌నెస్‌గా ప్రకటించారు. అప్పటినుంచి ఇక్కడ యంత్రాలు కూడదు. అడ్డంపడ్డ చెట్టుని కూడా చేతిరంపంతోనే కోయాలి. తూము మాత్రం ఆ చట్టానికంటే ముందుది కాబట్టి నిలిచింది. కోల్‌చక్‌కీ గట్టుంది, ఆ నీళ్లు కింద పియర్ తోటలకి పోతాయి.

రెండు స్నో సరస్సుల మధ్య చిన్న ఆనకట్ట మీంచే నడవాలి. పై సరస్సులో నీరు దిగి, ఒడ్డు రాళ్లమీద తెల్లచార తేలింది. మన కాలవగట్టు మీద మట్టం గీతలు చదివినట్టే దాన్ని చదువుతూ కూచున్నాను. ఇంతలో కొండమేక ఒకటి వచ్చి నా వంకే చూస్తూ నిలబడింది. నా అందం చూసి కాదు, మనుషుల మూత్రంలోని ఉప్పు కోసం! అందుకే మొక్కల మీద కాకుండా దూరంగా బండరాతి మీద పోసుకోమంటారు.

ఎవరికీ లెక్కచెప్పనక్కర్లేని నీళ్లు చూద్దామని అంత దూరం ఎక్కాను. అక్కడా వంతులే, వాటాలే. అయినా మనసు చిన్నబోలేదు. డెల్టాలో పుట్టినవాడికి నీళ్లు కనపడగానే ఇవి ఎవరి పొలానికి అనే ప్రశ్నే ముందొస్తుంది. జవాబు దొరికితేగానీ ఆ చోటు పరిచయమైనట్టుండదు.

అక్కడ కాలవ నీళ్ల కోసం శివారు రైతులు నిన్నూ లస్కర్లనూ తెగ తిడుతున్నారని మీ తమ్ముడు ఫోన్లో చెప్పాడు. ఇక్కడి శివారు ఆయకట్టుదారులు చేపలు. నీళ్లు ఆలస్యమైతే ఆఫీసు ముందు బైఠాయించలేవు, చచ్చిపోతాయి. తిట్టే నోరున్న ఆయకట్టు నీది. వాళ్లతో కూచుని వంతులు తేల్చుకో, ఏమైందో నాకు రాయి.

నీ
శీను