స్లాబుకు స్కానింగ్ చేస్తం, గుండెకు ఎందుకు అంటే ఎట్ల?

మా రూముల ఒకన్నకు మెట్లెక్కితే ఛాతిల బరువు పెట్టినట్టు అయితున్నది, ఆగితే తగ్గుతున్నది. రెండు నెలలు గ్యాస్ గోలీలు మింగిండు. ఇక్కడ దుబాయ్‌ల డాక్టరు గుండె సీటీ స్కాన్ రాసిండు. "సీదా యాంజియో చేస్తె అయిపాయె, మధ్యల ఈ ఖర్చెందుకు?" అన్నడు. ఈ అనుమానం చాలామందికి ఉంటది. డాక్టరు చెప్పింది మన సైటు భాషల చెప్త.

స్లాబుకు కోర్ కటింగ్ చేసేముందు స్కానర్ పెట్టి స్టీలు ఎక్కడుంది, పీటీ కేబుల్ ఎటు పోయింది చూసి మార్కింగ్ చేస్తం. సీటీ గూడ అట్లాంటిదే.

యాంజియోల చేతి నుంచో తొడ నుంచో సన్న గొట్టం పంపి మందు కొడతరు. మందు పారిన దారే కనిపిస్తది, నరం గోడ సంగతి అంతగా తెల్వది. సీటీల గోడ గూడ కనిపిస్తది. పేరుకున్నది మెత్తటి కొవ్వా, గట్టి కాల్షియమా? ఎంత పొడుగున్నది? కొమ్మ చీలేకాడ ఉన్నదా? దాన్నిబట్టి స్టెంట్ సైజు ముందే అంచనా వేసుకుంటరు. కాల్షియం మరీ గట్టిగుంటే ఉత్త బెలూన్‌కు లొంగది, దాన్ని అరగదీసే పరికరం సిద్ధం చేసుకుంటరు. నరం పూర్తిగ మూసుకపోతే అవతల దారి ఎటు వంపు తిరిగిందో సీటీల దొరుకుతది. స్టెంటా, బైపాసా అని తేల్చుకోను గూడ పనికొస్తది.

అయితే కాల్షియం ఎక్కువుంటే బ్లాకు ఉన్నదానికంటే పెద్దగ కనిపించొచ్చు. అందుకే కొందరికి తర్వాత యాంజియో తప్పది.

స్కాన్‌కు ముందు గుండె వేగం నిమిషానికి 60 దగ్గరికి తేవడానికి గోలీ ఇస్తరు. చేతి నరంలకు మందు ఎక్కిస్తే ఒళ్లంత వేడి అయితది, భయపడొద్దు. కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టాలె. కిడ్నీ బాధ, షుగర్ గోలీలు, ఇదివరకు ఏ మందన్న పడకపోవడం ఉంటే ముందే చెప్పాలె.

మా అన్నకు పెద్ద నరంల బ్లాకు తేలింది. ఇంటికి పోయి పెండ్లాంబిడ్డల దగ్గర స్టెంట్ వేయించుకుంటా అన్నడు. డాక్టరు ఒప్పుకున్నంకనే టికెట్ తీసినం. కాయితం ఒక్కటే కాదు, స్కాన్ సీడీ గూడ అడిగి తీసుకున్నం. అక్కడి డాక్టరు బొమ్మలు చూసే ప్లాన్ చేస్తడు.

ఒక్క మాట. కూసున్నకాడ నొప్పి వచ్చి తగ్గకపోతే, చెమటలు పడితే స్కాన్ కోసం ఆగొద్దు. వెంటనే అంబులెన్స్, ఇక్కడ 998. క్యాంపుల పక్క మంచమోడు చెప్పిన గ్యాస్ గోలీ మింగి పండుకోవద్దు. మన మీద ఇంటికాడ ఎంతమంది ఆధారపడ్డరో యాది చేసుకోండి.