ఉయ్యూరు దారిలో బండి వణుకు

ఉయ్యూరు నుంచి



ఎడతెగకుండా ఉండే లోపం కంటే అప్పుడప్పుడు తలెత్తి అంతలోనే అణగిపోయే లోపాన్ని పట్టుకోవడం కష్టం. బండి షెడ్డుకు చేరేసరికి వణుకు ఉండదు, లేని వణుకు కోసం ప్లగ్గులు, కాయిళ్లు, ఇంజన్ మౌంటింగులు ఒక్కొక్కటిగా మారిపోతాయి, డబ్బు కరుగుతుంది గాని జబ్బు అలాగే ఉంటుంది. అందుచేత పానా పట్టే ముందే తేల్చుకోవలసినది ఒకటుంది: వణుకు చక్రాల వేగాన్ని అనుసరిస్తోందా, ఇంజన్ వేగాన్నా?

విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిలో, కంకిపాడు దాటాక వెనుక వాహనాలు లేని తిన్నని చోట, వణుకు వచ్చిన వేగాన్నే నిలుపుకుంటూ గేరు ఒకటి మార్చి చూస్తే ఈ సంగతి తేలుతుంది. బండి వేగం అదే, ఇంజన్ తిరిగే వేగం వేరు. అప్పటికీ వణుకు మారకపోతే మూలం చక్రాలలోనో టైర్లలోనో ఉందనీ, మారితే ఇంజన్ వైపు చూడాలనీ గ్రహించవచ్చు. బ్రేకు తొక్కినప్పుడే స్టీరింగు, పెడలు కలిసి అదిరితే బ్రేకు డిస్కు మందం అంతటా ఒక్కతీరుగా లేదని అనుమానించాలి. నిలిచిన బండి కదిలేటప్పుడు మాత్రమే అదిరితే క్లచ్చును.

డెల్టాలో మరో కారణాన్ని తప్పక చూడాలి. చెరకు, వరి పొలాల దారుల్లో తిరిగిన బండికి రిమ్ము లోపలి అంచున నల్లమట్టి పట్టి ఎండిపోతే చక్రం బరువు ఒక పక్కకు ఎక్కువవుతుంది; గంటకు 80 కిలోమీటర్ల వద్ద మామూలు కారు చక్రం సెకనుకు ఇంచుమించు 12 సార్లు తిరుగుతుంది గనుక పిడికెడు మట్టి చాలు, స్టీరింగు వణకడానికి. ఆ మట్టి రాలిపోతే వణుకూ పోతుంది, మళ్లీ పడితే తిరిగి వస్తుంది. కొత్త టైర్లకు డబ్బు పెట్టే ముందు చక్రాల లోపలివైపు కడిగించడం, ఆ తరువాత వీల్ బ్యాలెన్సింగ్ చేయించడం న్యాయం.

విజయవాడ ఆటోనగర్ నుంచి

ఇంజన్ వైపు వణుకులో ఎక్కువగా కనిపించేది మిస్‌ఫైర్, అంటే సిలిండరులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం సరిగా మండకపోవడం. షెడ్లలో దీనినే 'మిస్సింగ్' అంటారు. బెంజి సర్కిల్ ఫ్లైఓవరు ఎక్కేటప్పుడో, ఏసీ వేసి పెద్ద గేరులో పికప్ ఇచ్చినప్పుడో సిలిండరులో ఒత్తిడి పెరిగి, ప్లగ్గు వద్ద నిప్పురవ్వ పుట్టడానికి ఎక్కువ వోల్టేజి కావలసివస్తుంది. కాయిల్‌కు సన్నని పగులున్నా, ప్లగ్గు కొనలు అరిగి ఎడం పెరిగినా ఆ రవ్వ అప్పుడే తప్పుతుంది, సమతల రోడ్డుపై తేలికగా సాగేటప్పుడు తప్పదు. వానాకాలపు తేమ పగిలిన కాయిల్‌ను మరింత ఇబ్బంది పెడుతుంది.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ప్రమాణాలతో వస్తున్న కార్లలో కంప్యూటరు ఈ తప్పును గుర్తుపెట్టుకుంటుంది. స్కానరు తగిలిస్తే పి0300 అన్న కోడ్ ఏదో ఒక సిలిండరని తేల్చకుండా మిస్సింగ్ ఉందనీ, పి0301 మొదటి సిలిండరుదనీ చెబుతుంది. తప్పు జరిగిన క్షణాన ఇంజన్ వేగం, వేడి ఎంతో కూడా చాలా బళ్లలో నమోదై ఉంటాయి. ఈ కోడ్లను చదవకుండా తుడిచేయడం కంటే పెద్ద నష్టం లేదు.

వచ్చే నెల మా బండి నడపబోయే మా అన్నయ్యకు ఒక సంగతి ముందే తెలియాలి: ఇంజన్ దీపం మిణుకుమిణుకుమంటే ఆ ప్రయాణాన్ని సాగదీయకూడదు, ఎందుకంటే మండని పెట్రోలు పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరును, అంటే పొగను శుద్ధిచేసే భాగాన్ని, వేడెక్కించి పాడుచేస్తుంది. పి0301 వచ్చినప్పుడు ఇంజన్ ఆపి, మొదటి కాయిల్‌ను మూడో సిలిండరుకు, మూడో కాయిల్‌ను మొదటిదానికి మార్చి మళ్లీ నడపాలి. కోడ్ పి0303గా మారితే తప్పు కాయిల్‌ది, మారకపోతే ప్లగ్గును, తరువాత ఇంజెక్టరును, ఆఖరున కంప్రెషన్‌ను చూడాలి.