డోర్నకల్ బిషప్పుగారు

డోర్నకల్ అనగానే మనలో చాలామందికి రైలు మారడమే గుర్తొస్తుంది. విజయవాడ, కాజీపేటల నడుమ భద్రాచలం రోడ్డు వైపు దారి చీలే జంక్షను అది. అక్కడ బండి కోసం గంటల తరబడి కాచుకున్నవాళ్ళలో కూడా, ఆ ఊళ్ళో ఒక కెథడ్రల్ ఉందనీ, దాన్ని కట్టించిన మనిషి సామాన్యుడు కాడనీ ఎరిగినవారు తక్కువ. ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు.

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి కనుక, నన్ను ముందుగా ఆకట్టుకున్నది ఆయన నేర్చిన భాష. ఆయన పుట్టింది 1874లో, తిరునల్వేలి సీమలోని ఒక పల్లెటూళ్ళో. ఇంటి భాష తమిళం. తండ్రి పల్లెటూరి పాదిరి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పేరు తెచ్చుకున్నారు. అంతటి ఉద్యోగం వదులుకుని, 1909లో, ముప్పయ్యయిదో యేట, నైజాం రాజ్యంలోని డోర్నకల్ చేరి తెలుగు పట్టారు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ఖ, ఘ ల ఊసే లేదు. ఆ వయసులో నాలుక తిప్పుకోవడం ఎంత కష్టమో మాబోటి మేష్టర్లకు తెలుసు! అయినా నేర్చి, ఆ భాషలోనే ఊరూరా తిరిగి బోధించారు. వినేవారిలో ఎక్కువమంది ఊరికి ఆవల బతికే మాలలూ, మాదిగలూ.

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. హాజరైనవాళ్ళు ఇంచుమించు అందరూ తెల్లవారే. అక్కడ అజరయ్యగారు లేచి, మీరు మాకోసం ఎంతో త్యాగం చేశారు, నిజమే. కాని మాకు మిత్రులు కావాలి అన్నారు. ఆ మాట కొందరికి రుచించలేదు. ఇంత చేసినా ఇంకా ఏదో తక్కువయిందంటాడేమిటన్నారు.

ఇది తెల్లవారికే చెందిన ముచ్చట కాదు సుమండీ! మా అమ్మమ్మ చెయ్యి చాలా పెద్దది. పండుగనాడు దొడ్డిగుమ్మం దగ్గర నిలబడినవాళ్ళకు కడుపునిండా పెట్టేది. ఆమె దయను ఊరంతా చెప్పుకునేవారు. అయితే ఆ గుమ్మం దాటి వాళ్ళలో ఒక్కరు లోపలికి వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథడ్రల్‌లో ఆయనకు బిషప్పు పట్టం కట్టారు. నల్లవాడి కింద తెల్ల పాదిరులు పనిచెయ్యడమా అని గొణిగినవాళ్ళున్నారు. 1945 జనవరి 1న ఆయన కన్నుమూసేదాకా, ఆ చర్చిలో ఒక మండలాన్ని ఏలిన భారతీయ బిషప్పు ఆయనొక్కరే. 1930లలో మతం మార్పిడి విషయంలో గాంధీగారికీ ఆయనకూ గట్టి అభిప్రాయభేదం వచ్చింది. ఎవరిది ఒప్పంటే ఇప్పటికీ వాదించుకోవచ్చు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నది కూడా ఆయనే మరి. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆయన కెథడ్రల్ చూడండి: మసీదు గుమ్మటాలూ, గుడి మండపాల స్తంభాలూ ఒక్క కప్పు కింద పొందికగా ఒదిగిపోయాయి.

దానం గురించి ఆయన పుస్తకమే రాశారు. ఎంత బీదవారైనా తమ చర్చికి తామే ఇచ్చుకోవాలని ఆయన పట్టు. బీదవాళ్ళను పీడించడం కాదా ఇది అనిపించింది మొదట నాకు. ఆలోచిస్తే, ఎడింబరోలో అడిగిందీ ఇక్కడ నేర్పిందీ ఒకటే. ఎప్పుడూ పుచ్చుకునేవాడు ఎంతకాలానికీ మిత్రుడు కాలేడు. అతని చేతినుంచి కూడా మనం ఏదో ఒకటి అందుకోవాలి.

మా కాలేజీలో బీద పిల్లల ఫీజుకని మేష్టర్లమంతా నెలనెలా కొంత వేసుకుంటాం. డబ్బుకు లోటుండదు. ఆ పిల్లల్ని ఇంటికి భోజనానికి పిలిచే మాట వచ్చేసరికి మాత్రం గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు. మొన్న ఆదివారం నేనొక కుర్రవాణ్ణి పిలిచాను. మొదట కుర్చీ అంచున కూర్చున్నాడు. మా ఆవిడ రెండోసారి పప్పు వడ్డించాక కాస్త కుదుటపడ్డాడు. భోజనమయ్యాక, నాకు చేతకాని లెక్క ఒకటి మా అబ్బాయికి పావుగంటలో నేర్పి వెళ్ళాడు.