చెమ్మ పోయే దారి

సముద్రం ఒడ్డున ఇల్లు కట్టుకున్నాక ఉప్పుతో కాపురం తప్పదు. నిజాంపట్నంలో బీరువా తాళం తుప్పు పడుతుంది, కిటికీ ఊచలు పొక్కులు లేస్తాయి, గోడలు మోకాలెత్తు దాకా చవుడెక్కుతాయి. వీటన్నిటినీ జనం ఓర్చుకుంటారు. నట్టింట్లో ఎర్రబిళ్లల మీద తెల్లపొర కనబడితే మాత్రం ఓర్పు చచ్చిపోతుంది. "ఇంకా ఎన్నాళ్లండీ ఈ పాత నేల? పీకించేసి టైల్స్ వేయిద్దాం" అంటుంది ఇల్లాలు. "అదే మంచిదండీ, ఈ బిళ్లలు ఇప్పుడెక్కడా దొరకవు" అంటాడు మేస్త్రీ. ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చాక ఇంటాయన చేయగలిగింది డబ్బు లెక్కపెట్టుకోవడమే.

ఎవరూ అడక్కపోయినా ఆ బిళ్లల తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను.

కాల్చిన మట్టిబిళ్ల నీళ్లు తాగుతుంది, తాగినదాన్ని ఆవిరిగా వదిలేస్తుంది. కూజా చెమర్చబట్టే కదా అందులో నీళ్లు చల్లబడేది! నిజాంపట్నం వైపు నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడే నేలలున్నాయి, ఆ నీళ్లలో ఉప్పూ ఉంటుంది. చెమ్మ బిళ్లలోంచి పైకెక్కి గాలిలో కలిసిపోతుంది, ఉప్పు ఎగరలేక అక్కడే ఉండిపోతుంది. మనకు కనిపించే తెల్లపొర అదే. అది బిళ్ల చేసిన తప్పు కాదు, చేస్తున్న పని. దాని బదులు గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో వచ్చే విట్రిఫైడ్ టైల్ పరిచామనుకోండి. అది తన బరువులో అర శాతం నీళ్లు కూడా పీల్చదు. నేల తళతళలాడుతుంది. కానీ కింద చెమ్మ ఎక్కడికీ పోలేదు. ఎదురుగా దారి మూసుకుపోయింది గనక పక్కకు జరిగి గోడల్లోకి పాకుతుంది. కొన్నాళ్లకు గోడలు పెచ్చులూడతాయి. అప్పుడు మనం రంగులు వేసినవాణ్ణి తిడతాం.

ఎరుపు ఈ ఊరికి కొత్త కాదు. 1606లో డచ్చివాళ్లు, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు పెట్టపోలి అంటూ వెతుక్కుంటూ వచ్చింది ఇక్కడికే. వాళ్లకు కావలసింది బట్టలు. ఆ బట్టలకు ఎర్రరంగునిచ్చేది చిరివేరు. గుల్లలు కలిసిన ఇసుకనేలలో పెరిగిన వేరుకు రంగు బాగా దిగుతుంది. ఆ గుల్లల్నే బట్టీలో కాలిస్తే గుల్లసున్నం. దాన్ని ఇసుకతో కలిపి గానుగలో ఆడిస్తే ఇళ్లు కట్టే సున్నం. యంత్రంతో నొక్కిన బిళ్లలూ పెంకులూ మటుకు తర్వాతి సంగతి. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు పెట్టిన ఫ్యాక్టరీతో అవి దక్షిణదేశమంతా పాకాయి.

సున్నంలో పరిచిన బిళ్లకు ఒక సుగుణం ఉంది. సున్నం మెతక గనక ఉలి ఆనించి నెమ్మదిగా తట్టితే బిళ్ల విరక్కుండా ఊడివస్తుంది. సిమెంటులో పరిచింది ముక్కలై గానీ రాదు. అందుకే బాగుచేయడం అనుకున్నంత కష్టం కాదు. ముందు బిళ్లల్ని వేలి కణుపుతో తట్టి చూడాలి, డొల్లగా మోగినవి కదిలినట్టు. విరిగినవాటి స్థానంలోకి మంచం కిందవీ సామాన్ల గది మూలవీ తెచ్చి పెట్టి, కొత్తవాటిని ఆ మూలల్లోకి నెట్టాలి. పాతవి అంగుళాల లెక్కలో పోసినవి, ఇప్పటివి మిల్లీమీటర్లవి. పక్కపక్కన పెడితే దర్జులు కలవవు. మంచం కింద కలవకపోయినా అడిగేవాళ్లుండరు.

తెల్లపొరను తడపకుండా పొడి బ్రష్షుతో ఊడ్చేయాలి. నీళ్లు పోస్తే ఉప్పు కరిగి మళ్లీ బిళ్లలోకే దిగుతుంది. యాసిడ్ జోలికి అసలే పోవద్దు. అది దర్జుల్లోని సున్నాన్ని తినేసి కొత్త ఉప్పును మిగిల్చిపోతుంది. వార్నిషు కూడా వద్దు, దాని అడుగున ఉప్పు చేరి బిళ్ల పైచెక్క పొరలుగా లేస్తుంది. రోహిణి కార్తె ఎండల్లో నేల బాగా ఆరాక, చెమ్మ పెద్దగా ఎక్కని గదుల్లో మాత్రం అవిసె నూనె పలచగా రాసి తుడిచేస్తే చాలు. ఆ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకూడదు. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి.

కొన్ని నేలల్ని మార్చక తప్పదు, కాదనను. ఉప్పునీళ్లలో నాని పిండిపిండిగా రాలే బిళ్లలుంటాయి. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన తీరం ఇది. మొన్న 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే ఒడ్డు దాటింది. కింద ఇసుక కుంగిపోయి, ముసలివాళ్లు తట్టుకుని పడే నేలను పాతదన్న మమకారంతో అట్టిపెట్టుకోవడం మూర్ఖత్వం. అప్పుడు పీకించండి. అయితే పరిచేది ఏటి ఇసుకే కావాలి. దగ్గరుంది కదా అని సముద్రపు ఇసుక తోలిస్తే డబ్బిచ్చి మరీ ఉప్పు కొనుక్కున్నట్టు.

అసలు ముద్దాయి వీధిలో ఉంది. సిమెంటు రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేస్తూపోతే వీధి లేచి, ఇల్లు పల్లమవుతుంది. వాననీళ్లు పునాది పక్కనే నిలబడతాయి. ఇంట్లో బిళ్ల తెల్లబడుతుంది, శిక్ష దానికి పడుతుంది.

అందుకని టైల్స్ కొట్టుకు వెళ్లేముందు ఒక వానరోజు ఇంటి చుట్టూ తిరిగి చూడండి. గోడ పక్కన నీళ్లు నిలుస్తుంటే ముందు కాలువ తీయించండి. ఆ తర్వాత కూడా పీకించాలనే అనిపిస్తే, బాగున్న బిళ్లల్ని రోడ్డు గుంతల్లో పోయనీయకండి. పక్కవీధిలో ఎవరో సరిగ్గా ఆ కొలతవే ఓ నాలుగు బిళ్లల కోసం తిరుగుతూ ఉంటారు.