జె.సి. రోడ్డులో సొట్టల వైద్యం

బెంగుళూరు చూడవచ్చిన బంధువులను లాల్‌బాగుకు, విధానసౌధకు తీసికొనిపోవడం మన ఇళ్ళలో మామూలు. జె.సి. రోడ్డు చూపించుదామని ఎవరికీ తోచదు. కాని ఇంటి ముందర ఒక బండి నిలుపుకొన్న ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఆ యాత్ర తప్పదు. మాకూ తప్పలేదు.

మైసూరు చివరి మహారాజు జయచామరాజేంద్ర ఒడయరు పేరు పెట్టుకొన్న వీధి అది. 1935లో కట్టిన టౌన్‌హాలు దగ్గరనుండి మినర్వా సర్కిలు వైపు పోతుంది. టౌన్‌హాలుకు దగ్గరలోనే రవీంద్ర కళాక్షేత్రం. ఠాగూరు శతజయంతి జ్ఞాపకార్థం కట్టి 1963లో తెరిచినారు. ఇక్కడ సాయంకాలం మృదంగం వినబడుతుంది. నాలుగడుగులు ముందుకు వేస్తే సుత్తి దెబ్బలు వినబడతాయి. దారి పొడుగునా బండి సామాన్ల దుకాణాలే. పక్క సందులలో టింకరింగువారు, పెయింటరులు, సీట్లు కుట్టేవారు. కన్నడం, ఉర్దూ, అరవం, మన తెలుగు — అన్నీ కలిసిన భాషలో బేరాలు సాగుతాయి.

ఇంతకూ మేము పోయిన పని చెప్పాలి. మనం వడగళ్ళు అనేవాటిని ఇక్కడ కన్నడంలో ఆలికల్లు అంటారు. వేసవిలో నేల కాగి, వేడిగాలి జోరుగా పైకి లేచి పెద్ద మబ్బు కడుతుంది. ఆ గాలి నీటి బొట్లను ఎత్తుకు మోసుకొనిపోతే అవి గడ్డకట్టి, పొర మీద పొర పట్టి, గాలి మోయలేనంత బరువు కాగానే రాలుతాయి. 2023 మే 21వ తేదీ మధ్యాహ్నం బెంగుళూరులో అట్టి వాన కురిసింది. ఆనాడే కె.ఆర్. సర్కిలు అండర్‌పాసులో నీళ్ళు నిండి, కారులో చిక్కుకొన్న ఆంధ్రదేశపు యువతి ఒకరు ప్రాణం పోగొట్టుకొన్నారు. ఆ కబురు విన్న తరువాత మా కారు సొట్టలను గురించి విచారించడానికి మాకే సిగ్గు వేసింది. అయినా మరునాడు తెల్లవారి చూస్తే బానెట్టు మీద తొమ్మిది, పైకప్పు మీద ఇరవైకి పైగా సొట్టలు!

అది పదేళ్ళనాటి చిన్న కారు. మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కలేని అమ్మను ఆసుపత్రికి తీసికొనిపోవడానికని సెకండుహాండులో కొన్నాము. జూన్ వస్తే పిల్లల బడి ఫీజులు కట్టాలి. గుమాస్తా జీతంలో ఈ రెండింటికీ పోను సొట్టలకు మిగిలేది ఎంతో పాఠకులే ఊహించగలరు.

మొదట ఒక టింకరింగు షెడ్డులో అడిగినాము. పెద్దాయన వేళ్ళతో రేకు తడిమి చూచి, పాత పద్ధతి చెప్పినాడు. సొట్టను వెనుకనుండి డాలీ ఆనించి సుత్తితో సరిచేస్తారు. మిగిలిన పల్లాన్ని లప్పంతో నింపి, ఉప్పుకాగితంతో అరగదీసి, ప్రైమరు కొట్టి, రంగు వేసి, ఆపైన మెరుపు పూత పూస్తారు. పగిలిన రంగుకూ, మడత పడ్డ రేకుకూ ఇదే మందు. అయితే పాత రంగులో కొత్త రంగు కలవడం కష్టం. ఎండకు వెలిసిన బండి అయితే మరీ కష్టం. రెండు భాగాలకూ కలిపి 14,000 రూపాయలు అన్నాడు.

అక్కడనుండి పక్క సందులో ఇంకొక యువకుని దగ్గరకు పోయినాము. ఇతనిది రంగు ముట్టని వైద్యం. వెలుగునీడల చారలు గల ఒక దీపపు పలకను బానెట్టు పక్కన పెట్టినాడు. రేకు సమంగా ఉన్నచోట చారలు తిన్నగా కనబడినవి. సొట్ట ఉన్నచోట వంకర పోయినవి. పొడుగాటి ఇనుపకడ్డీని లోపలినుండి పోనిచ్చి, ఆ వంకర చూచుకొంటూ కొద్దికొద్దిగా నెట్టుతాడు. ఎక్కువ నెట్టితే బొడిపె లేస్తుంది. దానిని మొద్దు మొనతో మెల్లగా దించాలి. కడ్డీ దూరని చోట వేడి జిగురుతో చిన్న బిళ్ళ అతికించి బయటికి లాగుతాడు. రంగు చెదరకుండా, లప్పం లేకుండా సొట్ట పోతుంది. “రంగు పగిలితే ఈ పని పనికిరాదు సార్. అంచుమీద పడ్డ సొట్ట, పదునైన మడత, ముందే లప్పం పెట్టిన రేకు — వీటిని నేను ఒప్పుకోను” అని తానే చెప్పినాడు. అన్నిటికీ కలిపి 5,500 అడిగినాడు.

ఆఫీసు మిత్రులు చెప్పిన వేడిగాలి, మంచుముక్క చిట్కాలను గురించి కూడ అడిగినాము. ఇనుపరేకు వాటికి లొంగదనీ, ప్లాస్టిక్ బంపరు మాత్రం వేడినీళ్ళకు మెత్తబడి లోపలినుండి నెట్టితే తిరిగి వస్తుందనీ అన్నాడు.

“ఇన్సూరెన్సు ఉన్నది కదా!” అని పాఠకులు అడగవచ్చు. ఉన్నది. చట్టం తప్పనిసరి చేసిన థర్డు పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వడగళ్ళకు కానీ రాదు. సొంత నష్టం కలిపిన పాలసీకే వస్తుంది. మాది అటువంటిదే. అయితే మేము లెక్కలు వ్రాసి బ్రతికేవారము గనుక కాగితం మీద లెక్క వేసినాము. క్లెయిము లేని ఏళ్ళకు ప్రీమియంలో తగ్గింపు వరుసగా 20, 25, 35, 45, 50 శాతం. మేము 50కి చేరినాము. ఒకసారి క్లెయిము చేస్తే తగ్గింపు సున్నకు దిగి, మళ్ళీ 20 నుండి మెట్లెక్కాలి. సొంత నష్టపు ప్రీమియం ఏటా 4,000 రూపాయలే అనుకొంటే, ఐదేళ్ళలో పోయేది 2,000, 1,200, 1,000, 600, 200 — మొత్తం 5,000. 1500 సి.సి. లోపు కారుకు మొదటి 1,000 ఎటూ మనదే. అంటే 6,000 లోపు మరమ్మతుకు క్లెయిము దండుగ. పైగా రంగు సామాను ఖరీదులో సగం తరుగు కింద కోస్తారు. అద్దం పగిలినా, బండి అంతా దెబ్బతిన్నా సంగతి వేరు. అప్పుడు ఫొటోలు తీసి, చేయి పెట్టకముందే కంపెనీకి తెలిపి, సర్వేయరు చూచేదాకా ఆగాలి.

ఇంటికి వచ్చి అమ్మతో అన్నీ చెప్పినాము. “బానెట్టు ఎదురుగా కనబడేది, అది బాగుచేయించండి. నెత్తి మీద ఏమున్నదో ఎవరు ఎక్కి చూస్తారురా?” అన్నది. ఆలోచించగా అదే న్యాయమనిపించింది. రంగు చెదరని సొట్ట చూపుకు చెడ్డదే గాని బండికి హాని చేయదు. రంగు పగిలినచోటనే తుప్పు పడుతుంది. పైగా పైకప్పు సొట్టలు తీయాలంటే లోపలి గుడ్డకప్పు దించాలి. కాబట్టి రంగు పగిలిన రెండుచోట్ల పెద్దాయనచేత లప్పం, రంగు వేయించినాము. బానెట్టు మీది మిగిలిన ఏడూ ఆ యువకుడు తీసినాడు. అంతా కలిపి 2,800 అయింది. ఫీజులు గడువులోనే కట్టినాము.

పెద్దాయన చేతిలో రేకు చప్పుడు తెలిసిన చెవి ఉన్నది. యువకునికి చారల వంకర చదివే కన్ను ఉన్నది. ఇద్దరూ తమవల్ల కానిది కాదని చెప్పగలవారే. అట్టివారు దొరికితే సగం మరమ్మతు అయినట్లే. వేసవి వానలు మళ్ళీ వస్తాయి. మబ్బు నల్లబడగానే బండిని కప్పు కిందికి చేర్చండి. కప్పు లేకపోతే దళసరి దుప్పటి కప్పండి. చెట్టు కింద మాత్రం నిలపకండి; వడగళ్ళు సొట్ట పెడితే తీసేవారున్నారు గాని, కొమ్మ విరిగి పడితే జె.సి. రోడ్డంతా కలిసినా తీయలేరు.