పగ వేరు, కేసు వేరు

మా పేటలో బుద్ధ విహారానికీ చర్చికీ మధ్య ఒక్క వీధే. అటూ ఇటూ మా బంధువులే. చర్చికి వెళ్ళే మావాళ్ళు ప్రభువు ప్రార్థనలో, తాము ఇతరులను క్షమించినట్టే తమనూ క్షమించమని దేవుణ్ణి అడుగుతారు. దెబ్బలు తిన్నవాళ్ళే ఎందుకు క్షమించాలని మేము వాళ్ళతో చాలాసార్లు వాదించాం.

ఆ వాదన ప్రతిసారీ గ్లాడిస్ స్టెయిన్స్ దగ్గరికి వచ్చి ఆగుతుంది. 1999 జనవరి 22 రాత్రి తెల్లవారేలోగా, ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో వాహనంలో నిద్రపోతున్న ఆమె భర్త గ్రాహంను, 10 ఏళ్ళ ఫిలిప్‌ను, 6 ఏళ్ళ తిమోతిని సజీవంగా తగలబెట్టారు. హంతకులను క్షమించానని ఆమె చెప్పారు. క్షమ వేరు, చట్టం వేసే శిక్ష వేరని కూడా చెప్పారు. ఆ తరువాత కూడా 2004 వరకు బారిపదాలోనే ఉండి కుష్ఠురోగులకు సేవ చేశారు.

మనం గమనించాల్సింది ఇదే. క్షమించింది నష్టపోయిన మనిషి. ఆమె తరఫున మరెవరో కాదు. అట్రాసిటీ కేసు పెట్టగానే ఊరి పెద్దలు వచ్చి "పోనీలే, క్షమించండి" అంటారే, అది క్షమ కాదు, రాజీ. బాధితుణ్ణి మరోసారి లొంగదీయడం.

మావాళ్ళు కరుణ అంటే యేసును తలుచుకుంటారు, మేము తథాగతుణ్ణి తలుచుకుంటాం. పేరు ఏదైనా, రోగి పుండు కడిగే చేతిలోనే దాని విలువ తెలుస్తుంది. మనసులో పగను వదిలేద్దాం. కోర్టులో కేసును మాత్రం వదలొద్దు.